స్పీకర్ ఎవరు చింపారు? ఫోమ్ అంచు చరిత్ర, కాప్రాలో ఒక పాత కేసు

ఈ రోజు ఎపిసోడ్ ఒక కేసు గురించి. కంగారు పడకండి, హత్య కేసు కాదు, స్పీకర్ కేసు. ముద్దాయిని నేనే.

2004. నాకు ఏడేళ్ళు. కాప్రాలో మా ఇంటి హాల్లో షోకేస్‌కి చెరోపక్క రెండు పెద్ద స్పీకర్ డబ్బాలు ఉండేవి. మా పెద్ద మావయ్య 1988లో దుబాయ్ నుంచి వచ్చినప్పుడు తెచ్చిన జపాన్ మ్యూజిక్ సిస్టమ్ తాలూకువి. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే ఈ కథలో తప్పు ఏ ఒక్క కంపెనీదీ కాదు. ఒకరోజు మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ చూడకుండా ఎడమ డబ్బాకి ముందున్న గుడ్డ కవర్ ఊడదీశాను. లోపల గుండ్రంగా నల్లటి కోన్, దాని చుట్టూ ఉబ్బెత్తుగా మెత్తటి రింగు. వేలు పెట్టాను. వేలు లోపలికి దిగిపోయింది. బూజు పట్టిన కేకులో దిగినట్టు దిగింది, వేలికంతా నల్లటి పొడి.

సాయంత్రం నాచారం నుంచి నాన్న డ్యూటీ దిగి వచ్చారు. వీపు మీద రెండు పడ్డాయి. స్పీకర్లు అటకెక్కాయి. అక్కడినుంచి అది మా వంశచరిత్రలో చేరిపోయింది. ఏ పెళ్ళికెళ్ళినా, ఏ గృహప్రవేశానికెళ్ళినా, "వీడు చిన్నప్పుడు వేలు పెట్టి మా బావమరిది తెచ్చిన జపాన్ స్పీకర్ చింపేశాడండీ" అని నాన్న మొదలుపెట్టేవారు. నేను బీటెక్ ఈసీఈ చేశాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాను, మానేసి ఈ వీడియోలు మొదలుపెట్టాను. ఆ కథ మాత్రం మారలేదు.

2020 లాక్‌డౌన్‌లో అటక సర్దుతుంటే ఆ రెండు డబ్బాలు దొరికాయి. ఎడమదానికి నా వేలి గుర్తు అలాగే ఉంది. కుడిదాని గుడ్డ కవర్‌ని 1988 నుంచి ఎవరూ ఊడదీసిన దాఖలా లేదు, అంచుల్లో దుమ్ము సీలు వేసినట్టు గట్టిపడిపోయింది. స్క్రూడ్రైవర్ పెట్టి మెల్లగా లేపాను. దాని రింగు కూడా పోయింది! ఒకచోట కాదు, చుట్టూతా. కవర్ అడుగున నల్లటి పొడి గసగసాల్లా రాలి ఉంది. ఫోటో తీసి నాన్నకి పంపించాను. పక్క గది నుంచి జవాబొచ్చింది. "దానిక్కూడా నువ్వే పెట్టుంటావ్ రా."

అప్పుడనుకున్నాను, ఈ కేసు తిరగదోడాల్సిందే అని.

ముందు ఆ రింగు ఏం చేస్తుందో చూద్దాం. స్పీకర్ వెనకాల అయస్కాంతం ఉంటుంది, దాని మధ్యలో సన్నటి గుండ్రటి సందు. ఆ సందులో రాగి తీగ చుట్ట, అదే వాయిస్ కాయిల్. పాట తాలూకు కరెంటు తీగలోకి వెళ్తే కాయిల్ ముందుకీ వెనక్కీ కదులుతుంది, దానికి అతికించిన కాగితం కోన్ కూడా కదులుతుంది, కోన్ గాలిని నెడుతుంది. అంతే, అదే శబ్దం. అసలు చిక్కంతా ఏమిటంటే కోన్ ముందువెనకలకి స్వేచ్ఛగా కదలాలి, పక్కలకి మాత్రం వెంట్రుకవాసి కూడా జరగకూడదు. కాయిల్‌కీ అయస్కాంతానికీ మధ్య ఖాళీ మిల్లీమీటరు కూడా ఉండదు. పక్కకి జరిగిందంటే రాసుకుంటుంది, రాసుకుంటే గరగరమంటుంది, అలాగే వాయిస్తూ పోతే తీగ మీది పూత ఊడి కాయిలే కాలిపోతుంది. కోన్‌ని మధ్యలో పట్టుకునేవి రెండు. లోపల పసుపు రంగులో మడతలు మడతలుగా ఉండే గుడ్డ బిళ్ళ, దాన్ని మెకానిక్కులు స్పైడర్ అంటారు. బయట ఈ రింగు. కొందరు ఎడ్జ్ అంటారు, కొందరు సరౌండ్ అంటారు, కౌంటర్ దగ్గర "ఫోమ్" అంటే చాలు.

అయితే మొదటినుంచీ అది ఫోమ్ కాదు. అసలు కథ ఇక్కడే ఉంది.

తీగ చుట్ట, అయస్కాంతం అనే ఆలోచన చాలా పాతది. జర్మనీలో సీమెన్స్ 1874లోనే పేటెంట్ తీసుకున్నాడు. కానీ మనం ఇప్పుడు చూసే స్పీకర్‌కి రూపం వచ్చింది అమెరికాలో, జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేసిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ 1925లో ప్రచురించిన పేపర్‌తో. మీ ఫోన్ స్పీకర్ దగ్గర్నుంచి సినిమా హాల్ స్పీకర్ దాకా ఈ రోజుకీ ఎక్కువభాగం వాళ్ళ మనవలే. ఆ తొలిరోజుల్లో అంచుకి పలచటి రబ్బరు, మెత్తటి తోలు లాంటివన్నీ వాడి చూశారు. తర్వాత ఇంటి రేడియోల్లో స్థిరపడింది చవకైన పద్ధతి. కోన్ కాగితాన్నే అంచు దగ్గర రెండు మూడు మడతలు వేసి నేరుగా ఇనప ఫ్రేముకి అతికించేయడం. కోన్ వేరు, అంచు వేరు కాదు. ఒకటే కాగితం.

ఇది బిగుతుగా ఉంటుంది, ఎక్కువ దూరం కదల్లేదు. మాటకీ, పాటలో గొంతుకీ బాగానే సరిపోతుంది. మృదంగంలో ఎడమవైపు మోతకి చాలదు. కానీ ఒక గొప్ప గుణం ఉంది, చావదు. ఎలక కొరికితేనో తడిస్తేనో పోవాలి తప్ప దానంతటది పోదు. మీ తాతగారింట్లో మర్ఫీ రేడియోనో ఫిలిప్స్ రేడియోనో ఉంటే వెనక చెక్క విప్పి చూడండి. అరవై ఏళ్ళైనా ఆ కాగితం అంచు చాలావాటిల్లో నిక్షేపంగా ఉంటుంది.

ఇక మన ఊరికి వద్దాం. హైదరాబాద్‌లో నిజాం ప్రభుత్వపు దక్కన్ రేడియో 1935 ఫిబ్రవరి 3న మొదలైంది. 1950 ఏప్రిల్ 1న అది ఆకాశవాణిలో కలిసింది. అంటే ఈ ఊళ్ళో తరాల కొద్దీ జనం ఏం విన్నా, వార్తలైనా నాటకాలైనా, ఆ కాగితం అంచు స్పీకర్లలోనే విన్నారు.

మా కాప్రా వైపు కథ ఇంకొంచెం ప్రత్యేకం. మీలో చాలామందికి "ఈసీఐఎల్" అంటే బస్టాపు, ట్రాఫిక్కు. సికింద్రాబాద్‌లో బస్సెక్కి "ఈసీఐఎల్ ఒకటి" అనడం. అది అణుశక్తి శాఖ కింద 1967 ఏప్రిల్ 11న మొదలైన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా. దాన్ని నిలబెట్టినాయన డాక్టర్ అయ్యగారి సాంబశివరావు, పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు ఆయన. ఏ.ఎస్.రావు నగర్‌లో ఉన్న ఆ ఏ.ఎస్.రావు ఈయనే. పదేళ్ళు ఆ కాలనీలో ట్యూషన్‌కి తిరిగి కూడా ఇంటి పేరేంటో నాకు తెలీదు, అది వేరే సిగ్గు. అణు రియాక్టర్లకి కావాల్సిన పరికరాలు దేశంలోనే తయారుకావాలని పెట్టిన కంపెనీ అది. కంప్యూటర్లు చేసింది, ఓటింగ్ మెషిన్లు చేసింది. మధ్యలో టీవీలు కూడా చేసింది. ఈసీ టీవీ!

1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా, సరిగ్గా ఏడాదిపాటు, మన దేశంలో సైట్ అనే ప్రయోగం జరిగింది. అమెరికా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకి నేరుగా టీవీ. అందులో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి, కార్యక్రమాలు తెలుగులోనే వచ్చేవి. ఆ పల్లెల్లో పెట్టిన టీవీ సెట్లు చేసింది ఈసీఐఎల్. హైదరాబాద్‌లో దూరదర్శన్ మొదలైంది 1977 అక్టోబర్ 23న. అంటే నగరానికి సొంత దూరదర్శన్ కేంద్రం రాకముందే ఆ పల్లెలకి టీవీ వచ్చేసింది. మా తాతయ్య ఆ రోజుల్లో ఈసీఐఎల్‌లోనే పనిచేశారు. ఆయన చెప్పే మాట ఒకటుంది, "బొమ్మ సరిగ్గా రాకపోయినా ఊరు ఊరుకుంటుంది, మాట వినపడకపోతే మాత్రం గోల చేస్తుంది" అని. ఊరంతా ఒక సెట్టు ముందు కూర్చున్నప్పుడు స్పీకరే కదా అసలు పని చేసేది.

ఆ కాలపు టీవీల్లో మామూలుగా ఉండేది చిన్న కాగితం అంచు స్పీకరే. అటకమీద మా తాతయ్య బ్లాక్ అండ్ వైట్ టీవీ కూడా దొరికింది. పిక్చర్ ట్యూబ్ పోయింది. స్పీకర్ తీసి ఆంప్లిఫయర్‌కి తగిలిస్తే ఏమీ జరగనట్టు పాడింది. దాని పక్కనే, దానికంటే కనీసం పదేళ్ళు చిన్నవైన జపాన్ స్పీకర్లు పొడి పొడి అయి పడున్నాయి. చవకది బతికింది, ఖరీదైంది పోయింది. ఎందుకని?

దీనికి జవాబు కోసం 1954కి, అమెరికాలోని మసాచుసెట్స్‌కి వెళ్ళాలి. ఎడ్గార్ విల్చర్ అనే ఆయన న్యూయార్క్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవాడు. ఆయన దగ్గర చదువుకున్న హెన్రీ క్లాస్‌తో కలిసి అకౌస్టిక్ రీసెర్చ్ అనే చిన్న కంపెనీ పెట్టి, ఏఆర్-1 అనే స్పీకర్ తెచ్చాడు. అప్పటిదాకా గట్టి బేస్ కావాలంటే బీరువా అంత డబ్బా కావాలి. విల్చర్ ఏమన్నాడంటే, కోన్‌ని స్పైడర్, అంచు బిగించి పట్టుకోవడం దేనికి, వాటిని వీలైనంత వదులు చేసేద్దాం, డబ్బాని గాలి చొరకుండా మూసేద్దాం, లోపలి గాలే స్ప్రింగులా పనిచేస్తుంది అని. సైకిల్ పంపు మూతి వేలితో మూసి నొక్కండి, వెనక్కి తంతుంది కదా, అదే స్ప్రింగు. ఈ ఒక్క మాటతో పెద్ద బేసు పుస్తకాల అరలో పట్టే డబ్బాలోకి వచ్చేసింది.

కానీ ఊరికే ఏదీ రాదు. క్లాస్ తర్వాత పెట్టిన ఇంకో కంపెనీ కేఎల్‌హెచ్‌లో హాఫ్‌మన్ అనే భాగస్వామి ఉండేవాడు. చిన్న డబ్బా, లోతైన బేస్, తక్కువ కరెంటుకే ఎక్కువ శబ్దం, ఈ మూడింటిలో ఏవైనా రెండే దొరుకుతాయి అనే సూత్రానికి ఇప్పటికీ ఆయన పేరే చెబుతారు. అది అందరూ చెప్పేదే. నేను దానికి నాలుగోది కలుపుతాను, ఆయుష్షు.

ఎందుకంటే ఇప్పుడు అంచు చేయాల్సిన పని మారిపోయింది. చాలా మెత్తగా ఉండాలి, చాలా తేలిగ్గా ఉండాలి, గాలి పోనివ్వకూడదు, కోన్ అర అంగుళం ఊగినా పట్టుతప్పకూడదు. మడతల కాగితం వల్ల కాదు. మొదట్లో ఏఆర్ వాళ్ళు గుడ్డకి పూత పూసి వాడారు. 1960ల చివరికొచ్చేసరికి పాలియురెథేన్ ఫోమ్ దొరికింది. ఈ పాలియురెథేన్‌ని 1937లో జర్మనీలో ఆటో బేయర్ బృందం కనిపెట్టింది. మన సోఫాలో, పరుపులో, గిన్నెలు తోమే స్పాంజిలో ఉండే కుటుంబమే. పలచటి షీటుని వేడి అచ్చులో నొక్కితే రింగు తయారు. తేలిక, చవక, మెత్తన. ఏఆర్, క్లాస్ తర్వాత పెట్టిన అడ్వెంట్, ఆ తర్వాత జపాన్ వాళ్ళు, అందరూ 1970లు 80ల్లో అటే వెళ్ళారు. అదే కాలంలో ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్, రిచర్డ్ స్మాల్ అనే ఇద్దరు ఇంజినీర్లు డబ్బా సైజునీ, అంచు మెత్తదనాన్నీ, కోన్ బరువునీ కలిపి లెక్క కట్టే సూత్రాలు ఇచ్చారు. స్పీకర్ డిజైన్ అంటే అందాజా కాదు, లెక్క అయింది. నాలుగేళ్ళ ఈసీఈలో ఈ పేర్లు ఒక్కసారి కూడా వినలేదు నేను. ఆ లెక్కలో మెత్తదనానికి ఒక అక్షరం ఉంది, బరువుకి ఒక అక్షరం ఉంది. ఎన్నేళ్ళు బతుకుతుందో చెప్పే అక్షరం లేదు.

ఇప్పుడు కెమిస్ట్రీ. రెండు నిమిషాలే, పారిపోకండి. ఈ ఫోమ్‌లో ముఖ్యంగా రెండు రకాలు. పాలియెస్టర్ రకం, పాలిఈథర్ రకం. పాలియెస్టర్ రకానికి నీళ్ళంటే పడదు. నీళ్ళలో ముంచక్కర్లేదు, గాలిలో తేమ చాలు. తేమ ఆ గొలుసులోని లింకుల్ని ఒక్కొక్కటిగా తెంపుతుంది. తెగినచోట ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం మిగతా లింకులు తెగడాన్ని ఇంకా వేగం చేస్తుంది. అంటే ముసలితనం దానికదే వడ్డీ మీద వడ్డీ కట్టుకుంటుంది. పాలిఈథర్ రకం తేమకి నిలబడుతుంది కానీ వెలుతురుకీ, ఆక్సిజన్‌కీ లొంగుతుంది. వేడి ఇద్దరికీ శత్రువే. మ్యూజియంల వాళ్ళకి కూడా ఇదే తలనొప్పి, 1960ల నాటి ఫోమ్ బొమ్మలు, కుర్చీలు అద్దాల పెట్టెల్లోనే పొడి అవుతున్నాయి.

మామూలుగా స్పీకర్ ఫోమ్ ఆయుష్షు పది నుంచి ఇరవై ఏళ్ళంటారు. ఇప్పుడు మా హాలు ఊహించుకోండి. మే నెలలో రేకుల వరండా వేడి, జూలైలో బట్టలారని తేమ, సాయంత్రం పడమటి కిటికీలోంచి ఎండ నేరుగా ఎడమ స్పీకర్ మీద. 1988లో కొన్నది, 2004కి పదహారేళ్ళు. మిలార్డ్, నా క్లయింటు వేలు పెట్టేటప్పటికే శవం అది!

నాకు బాధ కలిగించేది ఇంకోటుంది. 1970ల్లో గల్ఫ్ దేశాల్లో చమురు డబ్బు పెరిగాక మన దగ్గర్నుంచి ఎంతమంది వెళ్ళారో మీకు తెలుసు. పాతబస్తీ నుంచి, కరీంనగర్, నిజామాబాద్ నుంచి, కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి. తిరిగి వచ్చేటప్పుడు అట్టపెట్టెకి తాడు కట్టి టేప్‌రికార్డర్, స్పీకర్లు తెచ్చేవాళ్ళు. మా మావయ్య ఆ సిస్టమ్ కోసం ఎన్ని నెలలు ఓవర్‌టైమ్ చేశాడో ఒకసారి అత్తయ్య చెప్పింది, విని మళ్ళీ అడగబుద్ధి కాలేదు. అలాంటి డబ్బాలన్నీ దాదాపు ఒకే కాలంలో, 1990ల చివరినుంచి 2000ల మొదట్లో, గరగరమనడం మొదలుపెట్టాయి. జనం ఏమనుకున్నారు? "స్పీకర్ పోయింది" అనుకున్నారు. నిజానికి పోయింది రింగు. అయస్కాంతం బాగుంది, కాయిల్ బాగుంది, కోన్ బాగుంది, డబ్బా బాగుంది. సైకిల్ ట్యూబ్ పంచరైతే సైకిల్ పాత ఇనప సామాన్లవాడికి వేసినట్టు అయింది పని. దాంతోపాటు ఎవరి ఇంట్లో పిల్లలున్నారో, వాళ్ళ మీద నేరం పడింది. ఇది చూస్తున్నవాళ్ళలో నాలాంటి ముద్దాయిలు ఖచ్చితంగా ఉంటారు.

మా కాలనీలో ఒక అంకుల్ మాత్రం పారేయలేదు, ఒక షాపులో ఇచ్చారు. వాళ్ళు "ఫోమ్ దొరకదు సార్" అని పాత ఊఫర్లు తీసేసి కొత్తవి వేసిచ్చారు. పాతవి తిరిగివ్వలేదు. మెరిసిపోతున్నాయి కొత్తవి, కానీ ఆ డబ్బా ఏ కోన్ కోసం లెక్క కట్టారో ఆ కోన్ కాదు కదా ఇది. బేస్ అంతా డబడబమని ఒకే నోటులో మోగుతుంది. అంకుల్‌కి ఇప్పటికీ అర్థం కాలేదు, రిపేరయ్యాక ఎందుకు వినబుద్ధి కావట్లేదో. అసలు భాగాలు పోయాక తిరిగి చేయడానికి ఏమీ మిగల్లేదు. అందుకే నేను మావాటిని ఎవరికీ ఇవ్వదలచుకోలేదు.

సరే, ఇంట్లో ఎలా చేశానో చెప్తాను. మొదట ఎలా చెడగొట్టానో చెప్పి మొదలుపెడతా.

కుషాయిగూడలో బస్సెక్కి కోఠి వెళ్ళాను, గుజరాతీ గల్లీకి. ఆడియో సామాన్లు అంటే హైదరాబాద్‌లో అదే గల్లీ. "ఎనిమిది అంగుళాల ఫోమ్ ఇవ్వండి భయ్యా" అన్నాను. ఇచ్చాడు. ఇంటికొచ్చి పెడితే పట్టలేదు. ఎనిమిది అంగుళాలంటే అందరికీ ఒకటి కాదు. ఫ్రేము బయటి కొలత, కోన్ అంచు నుంచి అంచుకి కొలత, రింగు ఉబ్బు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది, ఈ మూడూ మిల్లీమీటర్లలో రాసుకుని వెళ్ళాలి. పాత రింగు పూర్తిగా పీకేసే ముందే కొలవాలి. రెండోసారి స్కేలు పట్టుకుని వెళ్ళాను. జత 400 పడింది. రబ్బరు రింగులు కూడా చూపించాడు, ఎక్కువ కాలం వస్తాయి సార్ అని. నిజమే, వస్తాయి. కానీ రబ్బరు బరువెక్కువ, కోన్ స్వభావమే మారిపోతుంది. ఫోమ్ ఉన్నచోట ఫోమే వేయాలని నా అభిప్రాయం.

పాతది తీయడం సగం రోజు పని. ఫ్రేము వైపు బ్లేడుతో గీకొచ్చు, ఇనుము కాబట్టి భయం లేదు. కోన్ వైపు మాత్రం వేలితోనే, మెల్లగా రుద్దుతూ రాల్చాలి. జిగురు మొండికేస్తే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదికి అద్ది తుడవాలి, కాగితం నానకుండా. మాస్క్ పెట్టుకోండి, ఆ పొడి ముక్కులోకి పోతే రెండ్రోజులు వదలదు.

ఇక్కడ నేను చేసిన తప్పు. సూపర్ గ్లూ వాడాను. తొందరపాటు. ఐదు సెకన్లలో పట్టేసింది, సర్దుకోవడానికి టైమే లేదు. కోన్ వెంట్రుకవాసి పక్కకి కూర్చుంది. వేళ్ళతో నొక్కితే లోపల సరసరమని కాయిల్ రాసుకునే శబ్దం. గుండె జారిపోయింది, పదహారేళ్ళకి నిజంగానే నేనే చంపాననుకున్నా. మళ్ళీ మొత్తం కోసి, గట్టిపడిన గ్లూ రెండు రోజులు గీకి, మళ్ళీ కోఠి, మళ్ళీ జత.

రెండోసారి మామూలు తెల్ల ఫెవికాల్. నెమ్మదిగా ఆరుతుంది, ఆ నెమ్మదితనమే కావాలి మనకి. పలచగా రాయాలి, ఆరాక పారదర్శకంగా అయిపోతుంది. సిలికాన్ వద్దు, బరువు, పైగా కొన్ని రకాలు ఆరేటప్పుడు వదిలే ఆమ్లం రాగికి మంచిది కాదు. ముందు రింగుని కోన్‌కి మాత్రమే అతికించి ఒక రాత్రి వదిలేయాలి. ఫ్రేము వైపు అప్పుడే అంటించకూడదు. మర్నాడు ఫ్రేముకి జిగురు రాసి రింగు కూర్చోబెట్టాక అసలు పరీక్ష, కోన్‌ని సరిగ్గా మధ్యలో పెట్టడం. దీనికి రెండు దారులు. ఒకటి, మధ్యలో ఉన్న టోపీ, అదే డస్ట్ క్యాప్, దాన్ని కోసి కాయిల్‌కీ లోపలి ఇనుముకీ మధ్య పాత ఎక్స్‌రే ఫిల్మ్ ముక్కలు నాలుగు వైపులా దూర్చి ఆరేదాకా ఉంచడం. ఇది ఖచ్చితమైన దారి, కానీ టోపీ మళ్ళీ అతికించాలి. రెండోది, టోపీ కోయకుండా, జిగురు పచ్చిగా ఉండగానే 30 హెర్ట్జ్ టోన్‌ని చాలా తక్కువ వాల్యూమ్‌లో వాయించడం. కోన్ నెమ్మదిగా ఊగుతూ స్పైడర్ చెప్పినచోట కూర్చుంటుంది. రాసుకుంటే చెవికి తెలిసిపోతుంది, వెంటనే రింగుని వేలితో కొంచెం జరపాలి. నేను ఈ రెండో దారే పట్టాను. రాత్రి పదకొండుకి ఆ డబ్బా పక్కన చెవి పెట్టి పడుకుని వింటుంటే మా అమ్మ వచ్చి చూసి ఏమీ అనకుండా వెళ్ళిపోయింది.

చుట్టూ బట్టల క్లిప్పులు పెట్టి 24 గంటలు ముట్టుకోలేదు. వైర్లు తగిలించేముందు ఒక చిన్న పరీక్ష, ఒకటిన్నర వోల్టుల పెన్సిల్ బ్యాటరీ ఒక్క క్షణం తాకిస్తే, ప్లస్‌కి ప్లస్ తగిలినప్పుడు కోన్ ముందుకి దూకాలి. రెండు స్పీకర్లూ ఒకేవైపు దూకాలి. ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ దూకితే బేస్ ఒకదాన్నొకటి మింగేస్తుంది, అప్పుడు మళ్ళీ ఫోమ్‌ని తిట్టుకుంటారు.

ఒక పక్కమాట. వినాయక చవితికి మన గల్లీల్లో డీజే డబ్బాలు చూస్తారు కదా, అందులో పదిహేను అంగుళాల కోన్‌కి అంచు దగ్గర చూడండి, ఫోమ్ ఉండదు. పూత పూసిన గుడ్డ, మడతలు మడతలుగా. వానలో తడిసి, లారీ మీద ఎగిరి, పదకొండు రోజులు మోగి మళ్ళీ వచ్చే ఏడాది వస్తాయి. వాటికి డబ్బా సైజుతో పనిలేదు కాబట్టి ఆ పాత పద్ధతి వదులుకోలేదు. ఇంటి హాల్లో చిన్న డబ్బాలో పెద్ద బేస్ అడిగింది మనం.

కొత్త ఫోమ్ కూడా ఎప్పటికీ ఉండదు. ఇంకో పదిహేనేళ్ళకో ఇరవై ఏళ్ళకో ఇదీ పొడి అవుతుంది. అందుకే అయస్కాంతం వెనక మార్కర్‌తో తేదీ, రింగు కొలతలు మూడూ, ఫెవికాల్ అనీ రాసిపెట్టాను. ఎవరు విప్పినా కోఠికి రెండుసార్లు తిరగక్కర్లేకుండా. అప్పటిదాకా పడమటి ఎండ పడని గోడకి మార్చాను.

పాటలు పెట్టే క్యాసెట్ డెక్ మాత్రం పనిచేయలేదు, లోపల బెల్టు తారులా కరిగిపోయింది. దాని కథ ఇంకో ఎపిసోడ్. ఫోన్‌ని ఆంప్లిఫయర్‌కి తగిలించి నాన్నని పిలిచాను. కుర్చీ లాక్కుని సరిగ్గా రెండు డబ్బాల మధ్య కూర్చున్నారు, పదహారేళ్ళ కిందట కూర్చున్నచోటే. రెండు పాటలు అయ్యేదాకా ఏమీ అనలేదు. మూడోదానికి "బేస్ కొంచెం తగ్గించరా" అన్నారు. నేను ఎస్టర్ లింకులు, తేమ, ఆమ్లం అన్నీ చెప్పాను. కుడి డబ్బా తాలూకు నల్ల పొడిని చిన్న ప్లాస్టిక్ కవర్లో దాచిపెట్టాను సాక్ష్యంగా, అదీ చూపించాను. కవర్ అటూ ఇటూ తిప్పి చూసి నా చేతికిచ్చేశారు.

ఆ తర్వాత మా బాబాయి కూతురి పెళ్ళిలో భోజనాల దగ్గర మళ్ళీ మొదలుపెట్టారు, "వీడు చిన్నప్పుడు వేలు పెట్టి..." అని. నేను తలొంచుకుని పప్పు కలుపుకుంటున్నాను. కథంతా అయ్యాక ఒక్క మాట కొత్తగా కలిపారు. "కుడిదానికి మాత్రం వీడు కాదులెండి."